వాకిలి మీద షావుకారు చూపు

ఒక ఇంటికి వెల్ల వేస్తున్నారంటే ఆ ఇంట్లో పెళ్లి ఉందనో, సంక్రాంతి దగ్గరపడిందనో అనుకోవడం తెలుగు వీధుల్లో అలవాటు. ఇల్లు అమ్మకానికి పెట్టారన్న ఆలోచన ఎవరికీ రాదు. గడపకి పసుపు, వాకిట్లో ముగ్గు, అరుగు అంచున జాజు పట్టీ, ఇవన్నీ ఆ ఇంట్లో మనుషులు చల్లగా కాపురం ఉంటున్నారని చెప్పే గుర్తులు. ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయేవాడికి వాటితో పని లేదు. కొనేవాడైనా ముందు గోడ వంక అంతగా చూడడు. స్థలం ఎన్ని గజాలు, ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు, ఏ ఫేసింగు, లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా, ఈసీ తీయించారా అని అడుగుతాడు. కట్టడం పాతదైతే బేరమంతా నేల మీదే నడుస్తుంది. అమెరికాలో తీరు వేరు. అక్కడ ఇల్లు అమ్మదలచినవాడికి అందరూ చెప్పే మొదటి సలహా, రోడ్డు దాటి అవతలి పక్కన నిలబడి తన ఇంటిని తానే పరాయివాడిలా ఓసారి చూసుకోమని. ఆ తర్వాత వీధి తలుపుకి కొత్త రంగు, పచ్చికకి కోత, పొదల కింద కొత్త చెక్కపొట్టు, వంగిన ఉత్తరాల పెట్టె నిటారుగా. దీనికి అక్కడి పేరు కర్బ్ అప్పీల్. కర్బ్ అంటే రోడ్డు అంచు రాయి. ఆ రాయి దగ్గర కారు ఆపినవాణ్ని లోపలికి రప్పించే గుణం అన్నమాట.

ఈ ఆచారం ఎందుకు పుట్టిందని అడిగితే మామూలుగా రెండు జవాబులు వస్తాయి. వాళ్లకి ఇల్లంటే మోజు, అందమంటే ప్రాణం అన్నది ఒకటి. ఇదంతా పైన పటారం లోన లొటారం, అమ్మేవాడి జిత్తు అన్నది రెండోది. ఈ రెండో మాట చెప్పేవాళ్లు పశువుల సంతని కూడా సాక్ష్యానికి తెస్తారు. ఎద్దుని కడిగి, కొమ్ములకి నూనె రాసి తోలుకురాని రైతు ఎక్కడున్నాడు? నిజమే, అమ్మేవాడు సరుకుని ముస్తాబు చెయ్యడం లోకమంతా ఉంది. కానీ ఎద్దుకి నూనె సంతరోజునే రాస్తారు. అమెరికా శివారు వీధిలో, అమ్మే ఉద్దేశం ఏ కోశానా లేనివాడు కూడా ముప్పై ఏళ్లపాటు ఇంటి ముందుభాగాన్ని రేపే సంత ఉన్నట్టు ఉంచుకుంటాడు. ఉంచకపోతే ఇరుగుపొరుగు ఊరుకోరు. అమ్మేవాడి జిత్తు దీనికి కారణం కాలేదు, ఎందుకంటే ఇక్కడ అమ్మేవాడే లేడు. అందం మీద మోజు కూడా కాలేదు, ఎందుకంటే మోజు మనిషికో రకంగా ఉంటుంది, ఈ వీధులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ నిలబడ్డ మూడో మనిషిని చూస్తేగాని ఈ ముడి విడదని నా వాదన. ఆ మూడోవాడు అప్పిచ్చేవాడు. కర్బ్ అప్పీల్ అన్నది ప్రధానంగా షావుకారు కంటికి కట్టిన తోరణం. దానికి ఇప్పుడున్న రూపం 1933కీ 1954కీ మధ్య, ఇరవై ఏళ్లలో వచ్చింది.

దీనికి వెంటనే ఎదురయ్యే అభ్యంతరం గట్టిదే. అప్పుల కథ మొదలవక ముందే అమెరికాలో ఇంటి ముందరి అందం గురించి పుస్తకాలకి పుస్తకాలు వచ్చాయి కదా? వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ నది ఒడ్డున న్యూబర్గ్‌లో మొక్కల వ్యాపారం చేసిన ఆండ్రూ జాక్సన్ డౌనింగ్ 1841లో తోటల కూర్పు మీద, 1842లో కాటేజీల మీద, 1850లో పల్లెపట్టు ఇళ్ల మీద గ్రంథాలు రాశాడు. ఇంటికి తెల్లరంగు వెయ్యడమంటే ఆయనకి గిట్టేది కాదు; చుట్టూ ఉన్న నేలలో, చెట్లలో కలిసిపోయే మట్టి రంగులు వాడమన్నాడు. వెల్ల వేసిన గోడే శుభ్రతకి గుర్తని నమ్మే మనకి ఇది వింతగా తోస్తుంది. 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్, ఉన్ని బట్ట మీది నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతదాకా పచ్చిక నున్నగా ఉండాలంటే కొడవళ్లు పట్టే కూలీలో, మేసే గొర్రెలో కావాలి, అంటే జమీందారు అయ్యుండాలి. 1870లో ఫ్రాంక్ స్కాట్ చిన్న స్థలాల ఇళ్లవాళ్ల కోసమే ఒక పుస్తకం రాసి, ఇంటి ముందు కంచెలు కట్టి అందాన్ని పొరుగువాడికి కనపడకుండా దాచుకోవడం సాటివాడి పట్ల మర్యాద కాదని వాదించాడు. అంతకు ఒకటి రెండేళ్ల ముందే చికాగో పక్కన రివర్‌సైడ్‌కి నక్షా గీసిన ఓల్మ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు ఇళ్లు రోడ్డుకి 30 అడుగులు వెనక్కి ఉండాలన్నారు. పచ్చిక, కంచె లేని ముంగిలి, వెనక్కి జరిగిన ఇల్లు, ఇలా సరంజామా అంతా అప్పటికే సిద్ధమైంది. నేను కాదనను. అయితే ఆ పుస్తకాలు కాపురం ఉండబోయేవాడికి రాసినవి, అవి చదివినవాళ్లు చేతిలో డబ్బున్నవాళ్లు. ఆనాటి కూలివాడి ఇంటి ముంగిట్లో కోళ్లుండేవి, కూరపాదులుండేవి, బట్టలారేసే తాడుండేది. సరంజామా ఉన్నంత మాత్రాన తంతు మొదలవదు. మొదలుపెట్టడానికి వేరే పురోహితుడు కావలసి వచ్చాడు.

1920ల అమెరికాలో ఇంటి అప్పంటే ఇప్పటిలా ముప్పై ఏళ్ల వాయిదాలు కావు. ఇంటి ధరలో ఇంచుమించు సగమే ఇచ్చేవారు, గడువు చాలావాటికి మూడేళ్లో అయిదేళ్లో. అంతవరకూ వడ్డీ కట్టి, చివర్న అసలు మొత్తం ఒక్కసారి తీర్చాలి, లేదా కొత్త నోటు రాసుకోవాలి. మన పల్లెల్లో ప్రామిసరీ నోటు తిరగరాసినట్టే. 1929 తర్వాత బ్యాంకులు కూలడంతో తిరగరాసేవాడు కరువయ్యాడు. 1933 నాటికి రోజుకి సుమారు వెయ్యి ఇళ్లు జప్తు అవుతున్నాయి. ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్‌ని పెట్టింది. మొండి అప్పుల్ని అది కొనేసి, సుమారు పది లక్షల ఇళ్లకి పదిహేనేళ్ల వాయిదాల మీద కొత్త అప్పులిచ్చింది. అలా ఇచ్చినా తీర్చలేక దాదాపు 2 లక్షల ఇళ్లు చివరికి ఆ సంస్థ చేతికే వచ్చాయి. చరిత్రలో మన విషయానికి ఇది అసలైన ఘట్టం. 2 లక్షల పాత ఇళ్లు ఒకే యజమాని చేతిలో ఉన్నాయి, ఆ యజమాని షావుకారే. ఉన్నవి ఉన్నట్టు ఒక్కసారిగా బజారున పడేస్తే, పక్కనే ఉన్న తన మిగతా అప్పుల తాకట్టు విలువే పడిపోతుంది. అందుకని ఆ సంస్థ తొందరపడలేదు. ఇళ్లని అద్దెకిచ్చింది, కప్పులు బాగుచేయించింది, రంగులు వేయించింది, స్థానిక బ్రోకర్ల ద్వారా మెల్లమెల్లగా అమ్మింది. అమ్మే ముందు ఇంటికి రంగు వెయ్యడం అన్నది ఒక పద్ధతిగా, దేశమంతటా, ఖర్చూ రాబడీ లెక్క వేసుకుని జరగడం అప్పుడు చూస్తాం. చేసింది ఇంటావిడా కాదు, ఇంటాయనా కాదు. వాళ్లు అప్పటికే సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

ఆ సంస్థ పటాలు కూడా వేయించింది. 1935 నుంచి 1940 దాకా 200 పైచిలుకు నగరాల్లో పేటపేటకీ తరగతి కట్టి ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులు పులిమారు. పటంతోపాటు పేటకో ఫారం నింపారు. ఇళ్లు దేనితో కట్టారు, సగటు వయసెంత, మరమ్మతు స్థితి ఎలా ఉంది అన్న గడులున్న ఆ కాగితం మీదే, విదేశీ సంతతి ఎంత శాతం, నల్లజాతివాళ్లు ఎంత శాతం, ఎవరైనా 'చొరబడుతున్నారా' అన్న గడులూ ఉన్నాయి. గోడ రంగు, గోడ వెనకున్న మనిషి రంగు ఒకే ఫారంలో పక్కపక్కన కూచున్నాయి. ఇంతకు మించిన సాక్ష్యం 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇస్తుంది. అమెరికన్లు ఎఫ్‌హెచ్‌ఏ అంటారు. ఇది తాను అప్పివ్వదు. బ్యాంకులు ఇచ్చిన అప్పుకి హామీ పడుతుంది. హామీ పడేవాడికి ఊరు తెలియదు, మనిషి తెలియదు, కాబట్టి మార్కుల పద్ధతి కావాలి. 1930ల చివరి మాన్యువల్‌లో ఒక ప్రాంతానికి నూటికి మార్కులు ఇలా వేశారు: ఆర్థిక స్థిరత్వానికి 40, చెడు ప్రభావాల నుంచి రక్షణకి 20, రవాణాకి 10, ఆకర్షణకి 10, మిగిలిన 20 పన్నులు, సౌకర్యాలు, ప్రమాదాలు వగైరాలకి. ఆకర్షణకి పదే మార్కులు కదా, దాని మీద ఇంత సౌధం కట్టడమేమిటని అడగవచ్చు. స్థిరత్వం, చెడు ప్రభావాలు అన్న ఆ అరవై మార్కుల్ని మదింపు చేసేవాడు ఎలా కొలిచాడన్నది చూడాలి. అతను వీధిలోకి వచ్చి, ఇళ్ల ముందుభాగాలు చూసి, ఇళ్ల ముందున్న మనుషుల్ని చూసి రాసుకున్నాడు. పొలాన్ని మట్టి పిసికి చూస్తారు, బంగారాన్ని గీటురాయి మీద గీస్తారు. అతనికి ముఖ్యమైన గీటురాయి కన్నే. అదే మాన్యువల్ దస్తావేజుల్లో ఉండవలసిన షరతుల జాబితా ఒకటి ఇచ్చింది. కట్టడాలన్నిటి ఆకృతి మీద అదుపు అందులో ఒక అంశం. ఏ జాతి కోసం ఉద్దేశించారో ఆ జాతివాళ్లే ఉండాలన్నది, దానికి కాస్త కింద, ఇంకో అంశం.

కర్బ్ అప్పీల్‌ని ఇంటివాడి శ్రద్ధకి దక్కే ప్రతిఫలంగా చెప్పేవాళ్లు ఈ జాబితా దగ్గర కాసేపు ఆగాలి. పటంలో ఆఖరి తరగతి కింద ఎరుపు పులిమిన పేటలోని నల్లజాతి గృహస్థు తన ఇంటికి ఎన్ని పూతలు పూసినా ఆ మార్కులు పెరగవు. అతని పచ్చిక ఎంత నున్నగా ఉన్నా పేట పేటే. 1948లో సుప్రీంకోర్టు జాతి షరతుల్ని కోర్టులు అమలు చెయ్యకూడదని తీర్పిచ్చింది. కొత్తగా అలాంటి షరతులు రాసుకున్న ఇళ్లకి హామీ ఆపడానికి ఎఫ్‌హెచ్‌ఏ 1950 దాకా సమయం తీసుకుంది. ఆ చూపు అంతటితో పోలేదు. మదింపువాడు వచ్చే ముందు తమ కుటుంబ ఫొటోలు తీసేసి, తెల్లజాతి స్నేహితుల్ని ఇంట్లో ఉంచి, రెండోసారి ఎక్కువ విలువ కట్టించుకున్న నల్లజాతి కుటుంబాల కథనాలు 2020 తర్వాత కూడా అక్కడి పత్రికల్లో వస్తూనే ఉన్నాయి.

ఎఫ్‌హెచ్‌ఏని పుట్టించిన 1934 చట్టంలో మొదటి అధ్యాయం, టైటిల్ వన్, మామూలు మనిషి గోడ మీదికి నేరుగా వచ్చింది. ఇంటి మరమ్మతులకి, మెరుగులకి 2,000 డాలర్ల దాకా అప్పు. తాకట్టు అక్కర్లేదు, సంతకం చాలు. బ్యాంకు ఇచ్చిన మొత్తం అప్పుల్లో అయిదో వంతు దాకా నష్టానికి ప్రభుత్వం పూచీ. ఊరూరా వలంటీర్లు, ప్రచార బృందాలు ఇంటింటికీ వెళ్లి, మీ ఇంటికి ఏం బాగుచేయించుకుంటారని అడిగారు. ఉద్దేశం మంచిదే. వడ్రంగులు, తాపీవాళ్లు, రంగులవాళ్లు పనుల్లేక పస్తులుంటున్న కాలమది. వాళ్ల చేతికి పని వచ్చింది, కారే కప్పులు ఆగాయి. ఈ పథకాన్ని తప్పుపట్టేవాళ్లు దీన్ని మర్చిపోకూడదు. కానీ బ్యాంకు డబ్బు, ప్రభుత్వ పూచీ, ఇంటింటికీ తిరిగే సేల్స్‌మన్ ఈ మూడూ కలిసిన చోట ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి బాల్టిమోర్‌కి వెళ్లాలి.

బాల్టిమోర్ వరస ఇళ్ల ఊరు. ఒక గోడని ఆనుకుని ఇంకో గోడ, పన్నెండు పద్నాలుగు అడుగుల ముఖం, వీధిలోకి దిగే తెల్ల చలువరాతి మెట్లు. దగ్గర్లోని కాకీస్‌విల్ గనుల రాయి అది. వాషింగ్టన్ స్మారక స్తంభానికి కూడా అక్కడి చలువరాయి వాడారు. చెక్ వాళ్లు, పోలండు వాళ్లు, ఇటలీ వాళ్లు కాపురమున్న ఆ పేటల్లో ఆడవాళ్లు ఆ మెట్లని మోకాళ్ల మీద కూచుని పొడి పెట్టి తోమేవాళ్లు. మన వాకిట కళ్లాపి లాంటి పని. అమ్మకానికి కాదు, పరువుకి. చిక్కల్లా పైనున్న ఇటుకతో వచ్చింది. చౌక ఇళ్లకి వాడిన ఇటుక మెత్తనిది, తడి పీల్చేది. కొన్నేళ్లకోసారి రంగు వేయించక తప్పదు. ఎర్రరంగు పూసి, దాని మీద సన్నని కుంచెతో తెల్లగీతలు గీసి ఇటుక అతుకుల్ని మళ్లీ బొమ్మగా వేసే పనివాళ్లుండేవాళ్లు. ఇటుక మీద ఇటుక బొమ్మ! తర్వాత వచ్చిన నకిలీని ఈసడించేవాళ్లు, దానికి ముందున్నది కూడా సగం నకిలీయేనని గుర్తుంచుకుంటే మంచిది.

1937లో ఆల్బర్ట్ నైట్ అనే ఆయన ఫార్మ్‌స్టోన్‌కి పేటెంటు తీసుకున్నాడు. పని ఇలా సాగేది. గోడకి ఇనుప జాలీ మేకులతో కొట్టి, దాని మీద సిమెంటు మొదటి పూత వేసి గీకుతారు. దాని మీద రెండో పూత. అది ఆరకముందే రంగులు కలిపిన మూడో పూత. దాని మీద మైనపు కాగితం పరచి ముడతల అల్యూమినియం రోలరు దొర్లిస్తే రాతి గరుకు పడుతుంది. చివరికి తాపీతో అతుకుల గీతలు గీస్తే, నిన్నటి ఇటుక గోడ ఇవాళ బూడిద, గోధుమ, లేత గులాబీ రంగు రాళ్లతో కట్టిన కోట గోడలా నిలబడుతుంది. ఇక రంగు వేయించే పని లేదు, లోపల చలి తగ్గుతుంది, ఇంటి విలువ పెరుగుతుంది అని చెప్పి అమ్మారు. వీధికి వీధి ఫార్మ్‌స్టోన్ వేయించుకుంది. పక్కింటివాడు వేయిస్తే మన ఇల్లు వెలవెలబోతుంది, మన ఇల్లు వెలవెలబోతే విలువ తగ్గుతుంది అన్న లెక్క అది. ఆ ఊరి సినిమా దర్శకుడు జాన్ వాటర్స్ దాన్ని ఇటుకకి తొడిగిన పాలియెస్టర్‌తో పోల్చాడు. ఇప్పుడు అదే ఊళ్లో పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్మేవాళ్లు మొట్టమొదట చేసేది ఆ ఫార్మ్‌స్టోన్‌ని ఊడగొట్టించడం. జాలీ కొట్టిన మేకుల కన్నాలు ఇటుక నిండా మిగులుతాయి. వాటిని పూడ్పించి, అతుకులు మళ్లీ నింపించి, 'అసలైన ఇటుక ముఖం' అని ప్రకటనలో రాస్తారు. విలువ పెంచడానికి తొడిగిందే విలువ పెంచడానికి ఊడింది. ఇంటివాడి అభిరుచి ఇన్నిసార్లు తిరగబడదు. తిరగబడింది కొనేవాళ్ల తరగతి, వాళ్లకి అప్పిచ్చేవాళ్ల అంచనా.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫార్మ్‌స్టోన్ పక్కన అల్యూమినియం రేకుల తొడుగు చేరింది, టైటిల్ వన్ అప్పు చేతిలో పెట్టుకుని మోసగాళ్లూ చేరారు. వాళ్ల ఎత్తుగడల్లో బాగా పారింది ఒకటుంది. ఈ వీధిలో మీ ఇంటినే నమూనాగా ఎంచుకున్నాం, మీ గోడ చూసి ఎవరు వేయించుకున్నా మీకు కమీషన్ వస్తుంది, అంటే మీకు ఉత్తపుణ్యానికే పనవుతుంది అని చెప్పి సంతకం పెట్టించుకునేవాళ్లు. కమీషన్ రాదు, వాయిదాలు మాత్రం వస్తాయి. నోటు అప్పటికే బ్యాంకుకి అమ్ముడైపోయి ఉంటుంది కాబట్టి అడగడానికి ఎదురుగా మనిషి ఉండడు. బ్యాంకుకి ప్రభుత్వ పూచీ ఉంది కాబట్టి గోడ చూసే అవసరం దానికీ లేదు. 1954లో సెనేటు కమిటీ ఈ వ్యవహారాన్ని విచారించింది. ఆ ఏటి హౌసింగ్ చట్టం నిబంధనలు బిగించి, నష్టంలో పదో వంతు బ్యాంకే మోయాలంది. బాల్టిమోర్‌లోనే 1963 నాటి రేకుల సేల్స్‌మెన్‌ మీద బ్యారీ లెవిన్సన్ 1987లో 'టిన్ మెన్' తీశాడు. అందులో వాళ్లు ఓ పెద్ద పత్రిక ఫొటోగ్రాఫర్లమని చెప్పి, బాగుచేయక ముందు ఇల్లు ఎలా ఉంటుందో చూపడానికి మీ ఇల్లు కావాలంటారు. ఇంటావిడ మొహం మాడిపోతుంది. అమ్మకం అక్కడే అయిపోతుంది.

పాత ఇళ్లకి తొడుగులు వేసిన ఈ చూపే కొత్త ఇళ్లని పునాది నుంచీ తీర్చింది. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో లెవిట్ కంపెనీ 1947 నుంచి 1951 దాకా 17,000 పైగా ఇళ్లు కట్టింది. ఎఫ్‌హెచ్‌ఏ హామీ లేకపోతే అన్ని ఇళ్లకి పెట్టుబడి పుట్టేది కాదు. ఒప్పందంలో షరతులు: కంచెలు కట్టకూడదు, గడ్డి పెరిగే కాలమంతా పచ్చిక వారానికోసారి కోయాలి, బట్టలు మడతపెట్టే స్టాండు మీదే ఆరేయాలి, వారాంతాల్లో అదీ కూడదు. గడ్డి కోయనివాడి ఇంటికి కంపెనీ మనిషి వచ్చి కోసి బిల్లు పంపేవాడు.  కంపెనీకి ఇంత పట్టింపెందుకంటే, కాపురమున్న ప్రతి ఇల్లూ ఇంకా అమ్ముడుపోని ఇంటికి షోరూమే. తెల్లజాతివాళ్లు తప్ప వేరెవరూ ఉండకూడదన్న షరతు కూడా ఆ ఒప్పందంలోనే ఉంది. తర్వాత, 1960ల్లో, ఎఫ్‌హెచ్‌ఏ ఇళ్ల యజమానుల సంఘాలని ప్రోత్సహించింది. కంపెనీ చేతిలోని కొడవలి అలా పొరుగువాళ్ల చేతికి వచ్చింది.

తెలుగువాళ్లు ఈ కథలోకి వచ్చింది ఆ తర్వాతే. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తేల్చాక, కాలిఫోర్నియా చట్టాల కింద వాళ్లు భూమి కొనడానికే వీల్లేకుండా పోయింది. 1946లో పౌరసత్వం, 1965లో వలస తలుపు తెరుచుకున్నాయి. డాక్టర్లు, ఇంజనీర్లు, తర్వాత సాఫ్ట్‌వేర్ వాళ్లు వెళ్లి చేరిన శివారు కాలనీలన్నీ ఈ అచ్చులో పోసినవే. అక్కడ ముంగిట్లో పచ్చిక సంఘం నియమం ప్రకారం ఉంటుంది. సొరపాదు, గోంగూర, తులసికోట పెరట్లోకి వెళ్తాయి. ముగ్గు పండగనాడు డ్రైవ్‌వే మీద పడుతుంది. ఒక్క విషయంలో మాత్రం తెలుగు కొనుగోలుదారు ఆ తంతుని పక్కన పెట్టాడు. టెక్సస్‌లోనైనా న్యూజెర్సీలోనైనా ఇంటి ముందు కారు ఆపి పచ్చికకంటే ముందు ఫోనులో దిక్సూచి తెరిచేవాళ్లు మనలో తక్కువేం కాదు. తూర్పు ఫేసింగుని రంగు పూసి తేలేరు. బ్రోకర్లకి ఇది బాగా తెలుసు.

ఇంత చెప్పాక మోసం సంగతి తేల్చకుండా వదలడం సబబు కాదు. అమ్మే ముందు ఇంటికి రంగు వేయడం తప్పా? కోర్టులు ఈ ప్రశ్నని చెదపురుగుల దగ్గర ఎదుర్కొన్నాయి. 1942లో మసాచుసెట్స్‌లో, చెద పట్టిన ఇంటిని ఆ విషయం చెప్పకుండా అమ్మారన్న దావాలో, నోరు మూసుకుని ఉండటం మోసం కాదని కోర్టు చెప్పింది. అమ్మినది ఎవరనుకున్నారు? ఒక పొదుపు బ్యాంకు. 1960లో వాషింగ్టన్ రాష్ట్రంలో చెద తిన్న చోట్లు పైపైన బాగుచేయించి, మెరుగులు దిద్ది అమ్మినవాళ్ల మీద తీర్పు అటు తిరిగింది. కొనేవాడి కంటికి దొరకని దోషాన్ని చెప్పి తీరాలంది. కాలిఫోర్నియాలో 1987 నుంచి అమ్మేవాడు దోషాల ఫారం నింపి ఇవ్వాలి. మనకి ఇది ఎప్పట్నుంచో ఉంది. 1882 ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే కనపడని ముఖ్యమైన లోపాన్ని చెప్పడం అమ్మేవాడి బాధ్యత అంటుంది. కాబట్టి రంగు తప్పు కాదు, రంగు వెనక చెద తప్పు. ఇంతవరకూ చట్టం సవ్యంగానే ఉంది. అయితే ఇది అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య ధర్మం. మూడోవాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇప్పటికీ కొన్ని రకాల అప్పులకి మదింపువాడు ఇంట్లో అడుగు పెట్టకుండా వీధిలోంచి చూసి విలువ కట్టే పద్ధతి అమెరికాలో ఉంది. రంగుకి డబ్బు ఇచ్చేది కొనేవాడే కదా అనేవాళ్లకి నా జవాబు కూడా ఇదే. కొనేవాడు ఎంత ముచ్చటపడ్డా, మదింపువాడు అంత విలువ రాయకపోతే బ్యాంకు ఆ ధరకి సరిపడా అప్పివ్వదు, బేరం చాలాసార్లు తెగదు.

ఈ చూపుకి మేత వేసీ వేసీ ఆ దేశం ఎంత పచ్చిక పెంచిందో 2005లో ఉపగ్రహ చిత్రాల సాయంతో ఒక అధ్యయనం లెక్కకట్టింది. ఇళ్ల ముంగిళ్లు, పార్కులు, గోల్ఫ్ మైదానాలు అన్నీ కలిపి సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశ్ విస్తీర్ణం 1,62,975. అంటే శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా గట్టు, చెరువు, ఊరు ఏదీ వదలకుండా ఒకటే గడ్డి, ఎవరూ మేపనిది, ఎవరూ తిననిది. 2015లో కరవు ముదిరి కాలిఫోర్నియా గవర్నరు పట్టణాల నీటి వాడకంలో 25 శాతం కోత పెట్టాక గాని, గడ్డి ఎండనిచ్చినవాడికి ఊళ్లు జరిమానా వేయకూడదన్న చట్టం రాలేదు. ఆ కరవుకి కొన్నేళ్ల ముందే, 2008 అప్పుల సంక్షోభంలో, అదే రాష్ట్రంలో వీధులకి వీధులు జప్తయ్యాయి. ఇళ్లలో మనుషుల్లేరు, కుళాయిలు కట్టేశారు, ముందు పచ్చిక ఎండి గోధుమరంగుకి తిరిగింది. అప్పుడు ట్యాంకులు, స్ప్రే గన్నులు పట్టుకుని పనివాళ్లు వచ్చి ఎండిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టారు. ఆ రంగు మూడు నెలలు నిలుస్తుంది.